కంద మీద పడ్డ నింద

మత్తు డాక్టరు మొహం ఏ రోగికీ గుర్తుండదు. ముప్ఫయ్యేళ్ళు చేసిన ఉద్యోగం గురించి నేను గట్టిగా చెప్పగలిగింది ఇదొక్కటే. కాలు బాగుచేసిన ఎముకల డాక్టరు ఇంటికి అరటి గెలలు వస్తాయి, కొబ్బరి బొండాలు వస్తాయి, కూతురి పెళ్ళి శుభలేఖ పసుపు రాసి మరీ వస్తుంది. ఆ కాలు కోస్తుంటే నొప్పి తెలియకుండా తలాపున నిలబడ్డ మనిషి బజార్లో ఎదురైతే మాత్రం, "మిమ్మల్ని ఎక్కడో చూశానండి, రైసు మిల్లులోనా?" అని అడుగుతారు.

ఈ మధ్య కొత్తగా ఈ పనిలోకి దిగిన డాక్టరు పిల్లలు మా ఇంటికొచ్చి, మీ సర్వీసులో కష్టమైన కేసు ఏదో చెప్పండి సార్ అంటుంటారు. ఆగిన గుండె మళ్ళీ కొట్టుకున్న కథ చెబుతానని ఆశ. అలాంటివీ ఉన్నాయి, కాదనను. కానీ నన్ను బాగా చెమటలు పట్టించింది ఒక కంద కూర. ఆ మాట అనగానే వాళ్ళు మొహమొహాలు చూసుకుంటారు. పెద్దాయనకి మతి తప్పుతోందనుకుంటారు కాబోలు. అనుకోనీ. విన్నాక వాళ్ళే దారికొస్తారు.

తొంభైల చివరి మాట. మా డెల్టాలో చిన్న చిన్న నర్సింగ్ హోములకి సొంత మత్తు డాక్టరు ఉండేవాడు కాదు. మండపేటలో ఒక కేసు, ద్రాక్షారామంలో ఒక కేసు, రామచంద్రపురంలో రెండు. ల్యాండ్ ఫోను మోగితే స్కూటరు ముందు ఆకుపచ్చ సంచీ పెట్టుకుని బయల్దేరేవాడిని. సూదులు, గొట్టాలు, మందులు, బీపీ మిషను అన్నీ ఆ సంచీలోనే. మా ఆవిడ ఆ సంచీని నా మొదటి పెళ్ళాం అనేది. నిజమే, దాన్ని పోగొట్టుకుంటానేమోనని పడ్డ భయం ఈవిడ విషయంలో ఎప్పుడూ పడలేదు.

కాళ్ళ ఆపరేషన్లకి నేను ఎక్కువగా ఎపిడ్యూరల్ ఇచ్చేవాడిని. పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. వెన్నుపూసల మధ్య సూది పెట్టి, అందులోంచి సేమ్యా అంత సన్నని గొట్టం లోపలికి వదిలి, సూది తీసేస్తాం. గొట్టం రెండో చివర వీపు మీదుగా భుజం దాకా తెచ్చి ప్లాస్టరు అంటిస్తాం. ఆపరేషన్ అప్పుడూ, ఆ తర్వాత రెండు మూడు రోజులూ భుజం దగ్గర మందు ఎక్కిస్తుంటే నడుం కింద నొప్పి ఉండదు. మనిషి మాత్రం మెలకువగా ఉంటాడు, మాట్లాడుతుంటాడు. కొందరైతే మరీ మాట్లాడతారు.

మొద్దుబార్చే మందు ఒక్కటే ఎక్కిస్తే కాళ్ళు దుంగల్లా పడుండేవి. పైగా మూడు గంటలు తిరిగేసరికి నొప్పి తన్నుకొచ్చేది. దానికి మరో మందు చిటికెడు కలిపితే మొదటిది తక్కువ సరిపోతుంది, ఎక్కువసేపు పనిచేస్తుంది అని పత్రికల్లో చదివాను. అంతే, నాకు కలిపే పిచ్చి పట్టుకుంది. మొదట ఒక మందు కలిపాను. రోగికి నొప్పి తగ్గింది గానీ, రామచంద్రపురం ఎముకల డాక్టరు ఆ వారమే కొనుక్కున్న చెప్పుల మీద ఆ రోగి వాంతి చేసుకున్నాడు. తర్వాత ఇంకొకటి కలిపాను. ఆ రోగి హాయిగా నిద్రపోయాడు, అతనితోపాటు బీపీ కూడా నిద్రపోయింది. నేనూ హెడ్ నర్సూ చెరో కాలూ ఎత్తి పట్టుకుని, సెలైను పరుగెత్తిస్తుంటే, ఎముకల డాక్టరు డ్రిల్లు ఆపి "ఉన్నాడా?" అని మూడుసార్లు అడిగాడు.

ఆ ఎముకల డాక్టరు చెయ్యి మంచిది, నోరు మంచిది కాదు. మనిషి మా కాలేజీలో నాకు ఒక ఏడాది సీనియరు. ఆ రోజు చేతులు కడుక్కుంటూ, ఇంకొక్కసారి నీ వంటకం ఏదైనా వికటిస్తే కాకినాడ నుంచి వేరే ఆయన్ని పిలిపించుకుంటాను, నీ సంచీ నువ్వు పట్టుకుపో అన్నాడు. రామచంద్రపురంలో నాకున్న కేసుల్లో సగం ఆయనవే. అందుకని మూడో కలయిక మొదలుపెట్టే ముందు రెండు నెలలు చదివాను. ఈసారిది ఫెంటనిల్. నల్లమందు జాతి. లైసెన్సులు, రిజిస్టర్లు, బీరువా తాళాలు, హెడ్ నర్సు సంతకాలు, అదంతా ఒక తతంగం. నొప్పికి దీన్ని మించింది లేదని పుస్తకం రాసింది. అదే పేజీ అడుగున, కొందరికి ముక్కు మీద, మొహం మీద దురద రావచ్చని ఒక వాక్యం కూడా ఉంది. చదివాను. చదివి, ఎముకల డాక్టరుకి చెబితే గోల చేస్తాడని ఎవరికీ చెప్పకుండా పేజీ తిప్పేశాను.

ఇక రోగి. అరవై దాటిన వరి రైతు. కాలవ గట్టు మీద మోపెడ్ మీద వస్తుంటే బాతుల మంద అడ్డొచ్చిందట. బాతుల్ని తప్పించి తను పడ్డాడు. తుంటి దగ్గర ఎముక విరిగింది. ఎముక సంగతి ఎముకల డాక్టరు చూసుకుంటాడు. నాకు భయం ఊపిరితిత్తులతో. పదహారో ఏట మొదలెట్టిన చుట్ట ఇంకా ఆపలేదు. ఛాతీ మీద స్టెత్ పెడితే పాత హార్మోనియం తిత్తిలా ఉంది. పూర్తి మత్తు ఇచ్చే ప్రశ్నే లేదు, ఎపిడ్యూరలే గతి. అంతకన్నా ముఖ్యం, ఆపరేషన్ అయ్యాక ఇలాంటి మనిషి మంచం మీద వెల్లకిలా పడుకోకూడదు. లేచి కూర్చోవాలి, గట్టిగా దగ్గాలి, తినాలి. పడుకుంటే ఊపిరితిత్తుల్లో కఫం చేరి న్యుమోనియా వస్తుంది. విరిగిన ఎముక ఎవర్నీ చంపదు, ఆ తర్వాత పడుకోవడం చంపుతుంది.

ఆపరేషన్ ముందురోజు మధ్యాహ్నం ఆయన్ని పరీక్ష చెయ్యడానికి వెళ్ళాను. గదిలో ముగ్గురున్నారు. పెద్దాయన మంచం మీద. ఆయన భార్య కిటికీ దగ్గర, మాకు వీపు చూపించి. మంచం పక్క స్టూలు మీద ఆయన అక్కగారు, ఒళ్ళో నాలుగు గిన్నెల క్యారేజీతో. అక్కగారు యానాం అవతల పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చారు. పన్నెండేళ్ళ తర్వాత తమ్ముణ్ణి చూడ్డం అదేనట. నేను పల్సు చూస్తున్నంతసేపూ పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు. పల్సు ఎక్కువుందంటే, "ఉండదాండి మరి" అన్నాడు.

గొడవ ఏమిటో హెడ్ నర్సు తర్వాత చెప్పింది. ఆవిడకి తెలియని సంగతి ఆ తాలూకాలో ఉండేది కాదు. అక్కగారి కూతురి పెళ్ళిలో, పెద్దాయన అత్తగారిని రెండో బంతిలో కూర్చోబెట్టారట. మొదటి బంతిలో విస్తరి వెయ్యలేదన్నమాట. కావాలని చేశారో, పెళ్ళి హడావుడిలో జరిగిందో, ఆ పైవాడికే తెలియాలి. భార్య అక్కడికక్కడే లేచి వచ్చేసి, ఆ ఇంటి మంచినీళ్ళు కూడా ముట్టనని ఒట్టేసుకుంది. ఆవిడ ఒట్టు పట్టుకుని పెద్దాయన కూడా అక్క గుమ్మం తొక్కలేదు. పొలం తగువులు తీరిపోతాయి గానీ మా జిల్లాల్లో బంతి తగువులు తీరవు.

సాయంత్రం ఏడు దాకా తినొచ్చు, తర్వాత పచ్చి మంచినీళ్ళు కూడా వద్దని చెప్పాను. తమ్ముడికి ఇష్టమని అక్కగారు కంద బచ్చలి కూర తెచ్చారు, ఆవ పెట్టి, ఇంగువ పోపు వేసి. మూత తీస్తే వరండాలో పోయేవాళ్ళు ఆగారు. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళి వంటలకి కంద ఎలా కొయ్యాలో ఆవిడనే అడిగేవారట. ఎంత మొండి కంద అయినా ఆవిడ చేతిలో నోరెత్తదని పేరు. నేను ఉండగా భార్య ఆ క్యారేజీ వైపు తల కూడా తిప్పలేదు.

మర్నాడు పొద్దున్న ఆపరేషన్. మంచి కాలు కిందకి వచ్చేట్టు పక్కకి తిప్పి, రొయ్యలా ముడుచుకోమని చెప్పాను. "చెరువులో రొయ్యలాగా, మూకుట్లో రొయ్యలాగాండి?" అని అడిగాడు. మూకుట్లో అన్నాను. అంత నొప్పిలోనూ చక్కగా ముడుచుకున్నాడు. గొట్టం మొదటి ప్రయత్నంలోనే వెళ్ళింది. కలిపిన మందు ఎక్కించాను. పావుగంటలో నొప్పి పూర్తిగా పోయింది. బీపీ నిలకడగా ఉంది. వాంతి లేదు. ఎముకల డాక్టరు డ్రిల్లు తిప్పుతుంటే పెద్దాయన పైకప్పు చూస్తూ, ఆ ఏడు దాళ్వా పంటకి ఏ వంగడం వెయ్యాలో నాకు పాఠం చెబుతున్నాడు. నేను గాల్లో తేలుతున్నాను.

గంట దాటాక పాఠం ఆగింది. "అమ్మా, కొంచెం నా ముక్కు గోకుతారాండీ?" అని హెడ్ నర్సుని అడిగాడు. రెండు చేతులూ పలకలకి కట్టేసి ఉన్నాయి మరి. ఆవిడ గోకింది. రెండు నిమిషాలకి బుగ్గ అన్నాడు. తర్వాత గడ్డం. తర్వాత మళ్ళీ ముక్కు, ఈసారి ఎడమ పక్క. ప్రతిసారీ అమ్మా అని, అండీ అని, మర్యాదకి లోటు లేకుండా అడిగాడు. ముప్పావుగంట పాటు ఆవిడ ఇంకే పనీ చెయ్యలేకపోయింది. ఎముకల డాక్టరు మాస్కు మీంచి నా వైపు చూశాడు. నేను మానిటరు వైపు చూశాను.

రోగిని గదికి తెచ్చాక భార్య నన్ను వరండాలో ఆపింది. ఎందుకండీ ఆయన అలా రక్కేసుకుంటున్నారు అని అడిగింది. ఎముకల డాక్టరు నా వెనకే ఉన్నాడు. నాలిక చివరి దాకా వచ్చిన నిజం మింగేసి, "నిన్న ఏం తిన్నారు?" అని అడిగాను.

పిల్లలూ, ఇక్కడ కొంచెం ఆగండి. మందు వికటించినప్పుడు ఏం తిన్నారని అడగడం మన వృత్తిలో పాత అలవాటు. ఏమీ తినని మనిషి ఉండడు కనక ఆ ప్రశ్నకి ఎప్పుడూ ఏదో ఒక జవాబు దొరుకుతుంది. భార్య "కంద" అంది. అదే అయ్యుంటుంది అన్నాను. ఎముకల డాక్టరు తల ఊపి వెళ్ళిపోయాడు. సగం ఉడికిన కంద దురద పెడుతుందని ఎవరికి తెలియదు? నేను బతికిపోయాననుకున్నాను.

మధ్యాహ్నం అక్కగారు మళ్ళీ క్యారేజీతో మెట్లెక్కుతుండగా భార్య ఎదురెళ్ళింది. మీ కంద తిని మనిషి ఒళ్ళు రక్కుకుంటున్నారు, డాక్టరుగారే చెప్పారు అని వరండాలో అందరూ వినేట్టు చెప్పింది. నేను అక్కడే ఉన్నాను. వెంటనే ఎవరిదో ఎక్స్‌రే తీసి వెలుతురుకి పట్టుకుని శ్రద్ధగా చూడ్డం మొదలుపెట్టాను. అది తలకిందులుగా ఉందని తర్వాత తెలిసింది. అక్కగారు అరుస్తారేమో అనుకున్నాను, అరవలేదు. ఆ క్యారేజీ అలాగే పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి వెళ్ళిపోయారు. వంట చేతకాదంటే సరిపెట్టుకునేవారేమో. తన కంద దురద పెట్టిందంటే, ఆవిడకి అది నువ్వు మనిషిగా పనికిరావన్నంత మాట.

సాయంత్రం నేను మళ్ళీ అదే కలయిక భుజం దగ్గర ఎక్కించాను. మళ్ళీ గంటకి దురద. ఇంకా ఆ కంద దిగలేదు అంది భార్య. హెడ్ నర్సు నన్ను మందుల గదిలోకి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, చాలా వినయంగా అడిగింది. "డాక్టరుగారూ, కంద నడుంలోంచి కూడా ఎక్కుతుందాండి?"

నాకు కోపం వచ్చింది. నిజం చెప్పిన వాళ్ళ మీద వచ్చే కోపం అది. మర్నాడు పొద్దున్న, ఎవరికీ చెప్పకుండా ఫెంటనిల్ మానేసి, మొద్దుబార్చే మందొక్కటే ఎక్కించాను. దురద పూర్తిగా పోయింది. కంద దిగిపోయిందని భార్య వార్డంతా చాటింది. నా పిరికితనం ఆ అక్కగారి మీద సాక్ష్యం కూడా చెప్పేసిందన్నమాట. ఇంత నిక్కచ్చిగా పనిచేసిన మందు నా సర్వీసులో ఇంకోటి లేదు.

అయితే దురదతోపాటు సుఖం కూడా పోయింది. మూడు గంటలకల్లా నొప్పి. దగ్గితే నొప్పి, కదిలితే నొప్పి. పెద్దాయన దగ్గడం మానేశాడు. దానికి తోడు అన్నం మానేశాడు. కూర్చోండి అంటే గోడ వైపు తిరిగాడు. ఊపిరితిత్తుల వ్యాయామానికి రబ్బరు గ్లౌజు ఊదమని ఇస్తే పక్కన పెట్టేశాడు. పన్నెండేళ్ళకి వచ్చిన మనిషిని మెట్ల మీంచే పంపేశాం, ఇంక మా అక్క రాదు, నేను లేచి ఎక్కడికి నడవాలి అన్నాడట హెడ్ నర్సుతో. భార్య బత్తాయి రసం గ్లాసు పట్టుకుని గంటలకొద్దీ నిలబడింది. ముట్టుకోలేదు.

ఎముకల డాక్టరు రౌండ్లకి వచ్చి, కట్టు చూసి, ఎముక బాగానే కూర్చుంది, మనిషిని కూర్చోబెట్టడం నీ పని అని నాతో చెప్పి వెళ్ళాడు. ఆయనకి ఏమీ తెలియదు. నాకు మొత్తం తెలుసు. నొప్పి పోవాలంటే ఫెంటనిల్ మళ్ళీ వెయ్యాలి. వేస్తే దురద వస్తుంది. కంద లేకుండా దురద వస్తే నా బండారం బయటపడుతుంది, కాకినాడ ఆయన వస్తాడు. వెయ్యకపోతే ఈయన ఊపిరితిత్తులు నిండిపోతాయి. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, దాని మీద ఒక రోజంతా ఆలోచించాను. ఆలోచించాల్సింది అందులో ఏముంది?

మూడోరోజు పొద్దున్న స్టెత్ పెడితే కుడి ఊపిరితిత్తి కింది భాగంలో అన్నం ఉడుకుతున్న చప్పుడు. ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది. అప్పుడు నిజంగా భయం వేసింది. కాకినాడ ఆయనకి నా సంచీ కూడా ఇచ్చేద్దామనుకుని, బీరువా తీయించి, ఫెంటనిల్ కలిపి సిరంజిలోకి తీశాను. హెడ్ నర్సుతో గదిలోకి వచ్చేసరికి అక్కగారు కూర్చుని ఉన్నారు.

ఈసారి స్టూలు మీద కాదు, కుర్చీలో, నిటారుగా. కాళ్ళ దగ్గర పెద్ద క్యారేజీ, ఒళ్ళో అరిటాకుల కట్ట. ఎముకల డాక్టర్ని కూడా పిలిపించారు. మా జిల్లాలో ఆ వయసు ఆడమనిషి ఒకసారి రండి బాబూ అని కబురు పెడితే ఎంత నోరున్న డాక్టరైనా వస్తాడు. పెద్దాయన గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు గానీ లేవలేదు. భార్య కిటికీ దగ్గర. అక్కగారు నన్ను చూసి, కంద అన్నది మీరేనా బాబూ అని నిర్ధారించుకుని అసలు విషయానికి వచ్చారు.

"ఆ కందలో మిగిలిన సగం ముక్కే ఇది. అదే చింతపండు, అదే ఆవ, అదే చెయ్యి. మీరందరూ నా ముందు తినండి. మధ్యాహ్నం బస్సు దాకా ఇక్కడే కూర్చుంటాను. మీలో ఒక్కరికి దురద పుట్టినా, జన్మలో మళ్ళీ గరిట పట్టుకోను."

అందరి ముందూ చెప్పేశాను. కంద తప్పు కాదండీ, నేను వెన్నులో ఎక్కించిన మందు వల్ల వచ్చిన దురద అది, నాకు ముందే తెలుసు, మాట పడతానని కూర మీదకి తోసేశాను, క్షమించండి అన్నాను. పన్నెండో ఎక్కం అప్పజెప్పే పిల్లాడిలా గబగబా చెప్పేశాను. ఎముకల డాక్టరు నోరు తెరిచాడు. హెడ్ నర్సు పైకప్పు చూసింది.

అక్కగారు మాత్రం నమ్మలేదు. ఇది మా గోదావరి జిల్లాల జబ్బు. ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారని ఇక్కడ అందరూ ఎంత మర్యాదగా అబద్ధాలాడతారంటే, నిజం చెప్పుకున్నా మర్యాదకే అన్నాడనుకుంటారు. "మీరు పెద్దమనసుతో నింద మీద వేసుకుంటున్నారు బాబూ. నాకు జాలి అక్కర్లేదు. తినండి" అన్నారు. నేను ఒట్టేశాను. చదువుకున్నవాళ్ళు ఒట్టెయ్యకూడదన్నారు. పుస్తకం తెచ్చి చూపిస్తానన్నాను. ఇంగ్లీషు రాదన్నారు.

ఇంక మిగిలింది ఒక్కటే. ఈయన మూడురోజులుగా కంద ముట్టలేదు కదండీ, ఇప్పుడు అందరి ఎదురుగా ఈ మందు వేస్తాను, గంటలోగా ఆయన ముక్కు గోక్కోకపోతే నాది అబద్ధం అన్నాను. పెద్దాయన్ని అడిగాను. నొప్పి తగ్గుతుందా అన్నాడు. తగ్గుతుందన్నాను. దురద భరించలేకపోతే దానికీ విరుగుడు ఉందని చెప్పాను. "నొప్పి కన్నా దురదే నయమండి, వెయ్యండి" అన్నాడు. భుజం దగ్గర ఎక్కించాను.

ఆ తర్వాత గడిచిన సేపు నా వృత్తిలో చాలా పొడుగైనది. నలుగురు పెద్దమనుషులు ఒక ముక్కు వైపు చూస్తూ కూర్చున్నారు. ఓపీలో రోగులు ఎదురుచూస్తున్నారని కాంపౌండరు వచ్చి చెప్పినా ఎముకల డాక్టరు కదల్లేదు. పదినిమిషాలకే పెద్దాయన మొహం విప్పారింది, నొప్పి జారిపోతోందని తెలుస్తోంది. ముక్కు మాత్రం గుడిలో విగ్రహం ముక్కులా ఉంది. ఇరవై నిమిషాలు. అరగంట. అందరూ చూస్తుంటే ఆయనకి మొహమాటం వేసి, దురదొచ్చినా ఆపుకుంటున్నాడేమోనని నాకు కొత్త భయం పట్టుకుంది. మా వాళ్ళు ఆపుకోగలరు కూడా. ఎవరూ చూడకండి, మీరు కిటికీలోంచి చూడండి అని అందర్నీ బతిమాలాను. మనిషికి దురద పుట్టించమని నేను దేవుడికి దణ్ణం పెట్టుకోవడం అదే మొదలు, అదే ఆఖరు.

నలభై నిమిషాలు దాటాక పెద్దాయన చెయ్యి మెల్లగా దుప్పట్లోంచి బయటికి వచ్చింది. మీసం సర్దుకుంటున్నట్టు నటించింది. తర్వాత నటన మానేసి, ముక్కు పట్టుకుని కసితీరా గోకింది. హెడ్ నర్సు "వచ్చిందండీ" అని, పురుడు పోసినప్పుడు చెప్పే గొంతుతో చెప్పింది. ఎముకల డాక్టరు నా వైపు తిరిగి నవ్వాడు. నన్ను తీసెయ్యలేదు గానీ, ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి కేసుకీ ముందు, "ఇవాళ ఏం కూర?" అని అడిగేవాడు.

అక్కగారు నవ్వలేదు. చెంగుతో కళ్ళొత్తుకుని, అరిటాకుల కట్ట తీసుకుని లేచారు. నింద పోయింది, అది చాలు, తమ్ముడు జాగ్రత్త అని హెడ్ నర్సుకి అప్పగించారు. కూర మీరు తినండి, క్యారేజీ తర్వాత ఎవరిచేతనైనా పంపండి అన్నారు. మందుది తప్పని తేలినా రెండో బంతి గొడవ తేలలేదు కదా. పెద్దాయన చెయ్యి ముక్కు మీదే ఆగిపోయింది. అక్క గుమ్మం దాటితే ఆయన మళ్ళీ గోడ వైపు తిరుగుతాడని నాకు తెలిసిపోయింది. నా దగ్గర ఆ నొప్పికి మందు లేదు.

అప్పుడు కిటికీ దగ్గర్నుంచి భార్య మాట్లాడింది. ఇటు తిరగకుండానే. "ఆ మొదటిరోజు మీరు బస్సుకి వెళ్ళాక ఆ కూర నేనూ తిన్నాను వదినగారూ. రెండుసార్లు వేసుకున్నాను. నాకేం దురద రాలేదు."

అంటే కంద తప్పు కాదని నాకు తెలిసినట్టే ఆవిడకీ మొదటి నిమిషం నుంచీ తెలుసు. ఆ మాట చెబితే పన్నెండేళ్ళ ఒట్టు తీసి గట్టున పెట్టి, ఆ ఇంటి అన్నం దొంగచాటుగా తిన్నానని ఒప్పుకోవాలి. నాకు కాకినాడ ఆయన భయం, ఆవిడకి ఈ భయం. ఇద్దరం కలిసి ఒక కూర వెనక దాక్కున్నాం. ఆవిడ మీద నాకు ఎంత గౌరవం పుట్టిందో చెప్పలేను. నన్ను హెడ్ నర్సూ, అక్కగారూ తోస్తే గానీ నిజం పలకలేదు. ఆవిణ్ణి ఎవరూ తొయ్యలేదు.

అక్కగారు గుమ్మం దగ్గరే ఆగారు. పన్నెండేళ్ళ తర్వాత మరదలితో ఆవిడ మాట్లాడిన మొదటి మాట మా అందరి ఎదురుగానే మాట్లాడారు.

"ఉప్పు సరిపోయిందా?"

భార్య ఇటు తిరిగింది. మొహమంతా తడి. "కొంచెం తగ్గిందండి" అంది.

"తమ్ముడికి బీపీ అని తగ్గించాను. ఇవాళ సరిగ్గానే వేశాను" అంటూ అక్కగారు వెనక్కి వచ్చి, కింద కూర్చుని, క్యారేజీ మూత తీశారు. మొదటి ఆకు భార్య ముందు వేశారు.

పెద్దాయన దుప్పటి తోసేశాడు. "నన్ను లేపి కూర్చోబెట్టండి. పడుకుని తింటే కందకి రుచేముంటుందండి" అన్నాడు.

ఎముకల డాక్టరు ఒక పక్క, నేనొక పక్క పట్టుకుని లేపాం. నిటారుగా కూర్చోగానే ఆయన గట్టిగా, లోపల్నుంచి, మంచం కదిలేట్టు దగ్గాడు. రెండు రోజులుగా నేను వినాలని ఎదురుచూస్తున్న దగ్గు అది.